62 మంది పిల్లలు, 13 పాత్రలు, ఒక్క శనివారం: ఆడిషన్ ఎలా పెట్టాలి?

కొత్త_దర్శకురాలు
నేను బళ్లో చెప్పే పాఠం సైన్సు. ఏటా పిల్లల చేత మ్యూజికల్ (పాటల నాటకం) వేయించే సంగీతం టీచర్ ఈసారి సెలవులో ఉన్నారు. కాలేజీలో రెండు నాటకాలు వేశానని ఎప్పుడో నోరు జారిన పాపానికి ఆ పని నా నెత్తిన పడింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు. పేర్లిచ్చినవాళ్లు 62 మంది. మాటలున్న పాత్రలు 13, అందులో ఒంటరిగా పాట పాడాల్సినవి ఐదు. మిగతాదంతా కోరస్. ఆడిషన్‌కి నాకిచ్చింది ఒక్క శనివారం, అదీ నాలుగు గంటలు.

నిరుడు ఎలా జరిగిందో పిల్లలే చెప్పారు. అందరూ హాల్లో కూర్చోవాలి, పేరు పిలిస్తే స్టేజి ఎక్కి అందరి ముందూ పాడాలి. ఇద్దరు మధ్యలోనే ఏడుస్తూ దిగిపోయారట. మర్నాడు లిస్టు నోటీసుబోర్డుకి ఎక్కింది. కోరస్‌లో పడ్డవాళ్లు చాలామంది మొదటి వారంలోనే మానేశారట. నాకు అలా వద్దు. వేరే ఎలా చెయ్యాలో మాత్రం తెలియడం లేదు.

ఏం పాడించాలి? ఒంటరిగానా, గుంపుగానా? డాన్సు కూడా చూడాలా? ఇంకో చిక్కు కూడా ఉంది. ఎనిమిదిలో ఒకబ్బాయి, లీడ్ వాడికే అని బడి మొత్తం ముందే తీర్మానించేసింది. మొన్న వరండాలో పలకరిస్తే వాడి గొంతు ఒక్క వాక్యంలో మూడు ముక్కలైంది.

హార్మోనియం_మాస్టారు
ముందు లెక్క చూడండి. 62 మందికి తలా నాలుగు నిమిషాలు వేస్తే 248 నిమిషాలు. అంటే మీ నాలుగు గంటలూ అయిపోయి ఇంకో ఎనిమిది నిమిషాలు. అదీ మీరు కుర్చీలోంచి లేవకుండా, ఒక్క పిల్లాడు కూడా ట్రాక్ దొరక్క ఫోన్ తడుముకోకుండా ఉంటేనే. అందరినీ ఒంటరిగా వినడం కుదరని పని. గుంపుగా మొదలుపెట్టి వడపోసుకోండి.

వింగ్‌లో_పిల్లి
మూడు ముక్కలు అంటే గుర్తొచ్చింది. మా తమ్ముడు ఆ వయసులో ఫోనెత్తితే అవతలివాళ్లు ఒకసారి "అమ్మా" అనీ, అదే కాల్‌లో ఇంకోసారి "సార్" అనీ పిలిచేవారు.

తాళం_తప్పను
గుంపులో పాడిస్తే ఏం తెలుస్తుందండీ? పక్కవాడి గొంతు వెనక దాక్కుంటారు. 15 ఏళ్లుగా పిల్లల బృందగానం నడుపుతున్నాను. ఒక పల్లవి, ఒంటరిగా, వాద్యం తోడు లేకుండా. శ్రుతి నిలుస్తుందో జారుతుందో అక్కడే తేలిపోతుంది. ప్రదర్శన రోజు లీడ్ పిల్ల మీద లైటు పడ్డప్పుడు పక్కన ఎవరూ ఉండరు కదా. ఆ భయమేదో ఆడిషన్‌లోనే బయటపడటం మేలు.

చెట్టు_నంబర్_3
మీలాంటి మాస్టారి చలవ వల్లే నేను బళ్లో మూడేళ్లు చెట్టు వేషం వేశాను.

తాళం_తప్పను
చెట్టుకీ శ్రుతి ఉండాలి.

చెట్టు_నంబర్_3
ఉంది సార్. గాలి పాటలో తాళానికి సరిగ్గా ఊగింది నేనొక్కణ్నే.

గొంతు_చికిత్స
ఆ ఎనిమిదో తరగతి అబ్బాయి గురించి నాలుగు ముక్కలు. నేను స్పీచ్ థెరపిస్టుని, ఈ వయసు పిల్లలు చాలామంది వస్తుంటారు.

యుక్తవయసులో హార్మోన్ల వల్ల స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడుగై మందమవుతాయి. మగపిల్లల గొంతు అంతా అయ్యాక దాదాపు ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉన్నంత) కిందికి దిగుతుంది. చాలామందిలో ఇది 12 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. కొందరికి కొద్ది నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి ఏడాది దాటినా పడుతుంది. అంటే ఆడిషన్ రోజు మీరు విన్న గొంతు ప్రదర్శన రోజుకి ఉంటుందన్న హామీ లేదు. కొందరికి మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. కింద పలుకుతుంది, పైన సన్నగా పలుకుతుంది, మధ్యలో నాలుగైదు స్వరాల చోట గాలి తప్ప ఏమీ రాదు. ఆ పిల్లాడు సోమరి కాదు, సాధన చెయ్యలేదనీ కాదు.

ఆడపిల్లల గొంతూ మారుతుంది, ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు. రెండు మూడు అర స్వరాలు (హార్మోనియం మీద పక్కపక్క మెట్లు) కిందికి దిగుతుంది. కొంతకాలం స్వరతంత్రులు పూర్తిగా మూసుకోవు కాబట్టి పాటలో గాలి వినిపిస్తుంది. "గొంతు తెరిచి పాడమ్మా" అని గదమాయిస్తే ఆ పిల్ల ఇంకా బిగుసుకుపోతుంది. గాలి వినిపించిందని మార్కులు కోసెయ్యకండి.

ఆడిషన్‌లో స రి గ మ ప మ గ రి స పాడించి, అర స్వరం చొప్పున పైకి, తర్వాత కిందికి జరపండి. గొంతు ఎక్కడ హాయిగా ఉందో రాసుకోండి. "ఇంకా పైకి వెళ్లగలవా" అని పందెం పెట్టొద్దు. ప్రదర్శనకి మూడు వారాల ముందు మళ్లీ ఒకసారి చూడండి.

హార్మోనియం_మాస్టారు
పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. దర్శకురాలిగారూ, మీరు మీ గొంతుతో శ్రుతి ఇస్తే, గొంతు అప్పటికే కిందికి దిగిన పిల్లాడు దాన్ని పట్టుకోలేడు. పైన వెతుకుతాడు, కింద వెతుకుతాడు, ఏదో గొణుగుతాడు. వీడికి శ్రుతే లేదని రాసేస్తాం. అదే స్వరాన్ని ఒక స్థాయి కింద హార్మోనియం మీద వినిపించి చూడండి. ఠక్కున అందుకుంటాడు. నేను ఎంతమందిని ఇలా తప్పుగా పక్కన పెట్టానో తలుచుకుంటే ఇప్పుడు బాధేస్తుంది.

శ్రుతిబాక్స్
ఏం పాడించాలి అన్నారు కదా. పుట్టినరోజు పాట. నవ్వకండి. అందరికీ వచ్చు, ఎవరూ ట్రైనింగ్ తీసుకుని రారు, మాటలు మర్చిపోరు. మూడో పాదంలో ఒక్కసారిగా పంచమం నుంచి పై పంచమానికి ఎగరాలి, అంటే నిండా ఒక స్థాయి. మొదట్లో ఎత్తుగా ఎత్తుకున్నవాడు అక్కడికొచ్చేసరికి బోల్తా కొడతాడు. అప్పుడేం చేస్తాడో చూడండి. ఆగిపోతాడా, అరుస్తాడా, నవ్వి కింది శ్రుతిలో మళ్లీ ఎత్తుకుంటాడా? ఆ మూడోవాడిని నేను వెంటనే రాసుకుంటాను.

తాళం_తప్పను
పుట్టినరోజు పాట పాడిస్తే పిల్లలు దాన్ని ఆటలా తీసుకుంటారు. ఇంట్లో రెండు వారాలు సాధన చేసి వచ్చిన పిల్లకీ, తోచక వచ్చినవాడికీ తేడా ఏముంటుంది? కష్టపడిన పిల్లకి అది అన్యాయం కాదా?

శ్రుతిబాక్స్
సాధన చేసిన పిల్లకి రెండో విడతలో నాటకంలోని పాటే ఇవ్వండి, 16 బార్ల (తాళం చుట్ల) ముక్క. అక్కడ తేడా కనిపిస్తుంది. మొదటి విడతలోనే సాధనకి మార్కులు వేస్తే ఇంట్లో సంగీతం మాస్టారు ఉన్న పిల్లలే మిగులుతారు.

ఇద్దరు_పిల్లల_నాన్న
డైలాగు చదివించేటప్పుడు ఒక్క సంగతి. మా పెద్దవాడికి డిస్లెక్సియా. ఇంట్లో ఎవరి నడకైనా, ఎవరి గొంతైనా దించేస్తాడు. ఆరో తరగతి ఆడిషన్‌లో అప్పటికప్పుడు కాగితం చేతిలో పెట్టి చదవమన్నారు. ప్రతి మాట దగ్గరా తడబడ్డాడు. "నటన రాదు" అని రాశారు. వాళ్లు చూసింది చదవడం, వాడి నటన కాదు. ఏడో తరగతిలో వచ్చిన టీచర్ అదే కాగితాన్ని వారం ముందు అందరికీ ఇచ్చారు. వాడికి దొంగ పాత్ర దొరికింది, జనం పడీపడీ నవ్వారు. కాగితం ముందే ఇవ్వండి. కాపీ తీయడం తప్ప వేరే ఖర్చు లేదు.

కొత్త_దర్శకురాలు
ఇది నాకు అసలు తట్టలేదు. రేపే కాపీలు తీయిస్తాను.

ఏడు_బి_అమ్మ
ఇంతవరకు చదువుతూ ఉన్నాను, ఇక ఊరుకోలేక రాస్తున్నాను. మా అమ్మాయి వాళ్ల బళ్లో జరిగిన మొన్నటి ఆడిషన్‌కి పదిహేను రోజులు సాధన చేసింది. లోపలికి వెళ్లిన 20 సెకన్లకి "చాలు, తర్వాత ఎవరు" అన్నారట. లిస్టులో పేర్ల పక్కన 50కి ఎన్ని వచ్చాయో మార్కులు కూడా వేశారు, అందరూ చూసేలా. మా అమ్మాయికి 19. ఎందుకో అడుగుదామని వెళ్తే "గొంతు సరిపోలేదు" అన్నారు. దేనికి సరిపోలేదు? ఏ పాత్రకి? ఏం నేర్చుకుంటే సరిపోతుంది? జవాబు లేదు. అప్పటినుంచి బాత్రూంలో కూడా పాడటం మానేసింది.

వింగ్‌లో_పిల్లి
మార్కులు బోర్డు మీద పెట్టారా? గుండె రాయి చేసుకుంటే తప్ప ఆ పని చెయ్యలేరు.

తాళం_తప్పను
మార్కులు బయట పెట్టడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ 20 సెకన్లు చాలవని మాత్రం అనకండమ్మా. శ్రుతి సంగతి పది సెకన్లలో తెలిసిపోతుంది. నిజానికి పిల్లలు వారం తిరక్కుండా మర్చిపోతారు, పెద్దవాళ్లే పట్టుకుని కూర్చుంటారు.

ఏడు_బి_అమ్మ
మర్చిపోలేదని చెప్పాను కదండీ. ఆఖరి వాక్యం చదివారా అసలు?

ఇద్దరు_పిల్లల_నాన్న
తాళంగారూ, పది సెకన్లలో మీకు తెలిసిపోవచ్చు. మిగతా రెండు నిమిషాలు మీకోసం కాదు, ఆ పిల్ల కోసం.

తాళం_తప్పను
సరే. ఆ మాట నిజమే. అమ్మా, చదివే రాశాను, కానీ అలా రాయాల్సింది కాదు. ఏమీ అనుకోకండి.

ఎనిమిది_లెక్కలు
డాన్సు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేనే దూరుతున్నా. తప్పకుండా చూడండి, ఆడిషన్ మొత్తంలో పిల్లలు బిగుసుకుపోకుండా ఉండేది అక్కడే. 15, 16 మంది చొప్పున నిలబెట్టండి. ఎనిమిది లెక్కల (ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెడుతూ వేసే) ముక్కలు నాలుగు నేర్పండి, అంతకన్నా వద్దు. రెండుసార్లు నెమ్మదిగా, రెండుసార్లు పాట వేగంలో. తర్వాత ముందు వరసని వెనక్కీ వెనక వరసని ముందుకీ మార్చండి. ఇది ముఖ్యం, ఎందుకంటే ముందున్నవాళ్లని చూసి కాపీ కొట్టేవాళ్లు అక్కడ తేలిపోతారు.

నేను అడుగులు సరిగ్గా పడ్డాయా అని పెద్దగా చూడను. తప్పు చేశాక మొహం ఎలా ఉందో చూస్తాను. తప్పు వేసి నాలుక కరుచుకుని ఆగిపోయేవాళ్లు ఉంటారు. తప్పు అడుగుని కూడా డాన్సులో భాగంలా వేసుకుపోయేవాళ్లు ఉంటారు. పక్కవాడి చెవిలో "ఎడమ, ఎడమ" అని అందించేవాళ్లు ఉంటారు. ఈ చివరివాళ్లని కోరస్‌కి నాయకులుగా పెట్టుకుంటే మీ రిహార్సల్స్ సగం తేలిక.

చెట్టు_నంబర్_3
నేను "కుడి, కుడి" అని అందించేవాణ్ని. అదే సమస్య.

హక్కుల_పిచ్చి
స్క్రిప్టు ఎక్కడిది? లైసెన్సు ఉన్న జూనియర్ వెర్షనా? అయితే పాత్రని అబ్బాయి నుంచి అమ్మాయికి మార్చాలన్నా, ఒక పాట తీసేయాలన్నా ముందు హక్కుదారుల అనుమతి అడగాలి. టికెట్టు పెట్టకపోయినా లైసెన్సు కావాలో లేదో కనుక్కోండి. ఆడిషన్ అయ్యాక "హీరోకి అబ్బాయి దొరకలేదు, మార్చేద్దాం" అనుకుంటే ఇరుక్కుంటారు. ముందే ఉత్తరం రాయండి.

కొత్త_దర్శకురాలు
జూనియర్ వెర్షనే, గంట నిడివి. పాటలు పిల్లల గొంతుకి తగ్గట్టే ఉన్నాయని రాశారు గానీ హీరో పాట నాకు ఎత్తుగానే అనిపిస్తోంది. ఉత్తరం రాస్తాను. శ్రుతి తగ్గించిన ట్రాక్ ఇస్తారేమో కూడా అడుగుతాను.

లైట్ల_అన్నయ్య
ఇప్పుడు కాలేజీలో ఉన్నాను. ఏడో తరగతిలో ఆడిషన్ ఇస్తే ఏ పాత్రా రాలేదు. ఫారంలో "తెరవెనుక పని కూడా ఇష్టమే" అని ఒక గడి ఉండేది, ఎందుకో టిక్కు పెట్టాను. లైట్ల బోర్డు దగ్గర కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి స్టేజి ఎక్కాలనే అనిపించలేదు. మనం వేలు జరిపితే సాయంత్రం అయిపోతుంది, ఆ మజాయే వేరు.

కానీ ఒక మాట. ఆ గడిలో టిక్కు పెట్టనివాళ్లని తెరవెనక్కి పంపకండి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయిని అలా పంపారు. ప్రదర్శన మూడు రోజులూ వింగ్‌లో నిలబడి హీరోయిన్ డైలాగులన్నీ పెదాలతో చెప్పుకుంటూనే ఉంది. పక్కనే ఉన్నాను, చూడలేకపోయాను.

ఏడు_బి_అమ్మ
ఈ ఫారం అనేదే మాకు ఇవ్వలేదు. అందులో ఏమేం ఉంటాయి?

లైట్ల_అన్నయ్య
గుర్తున్నంతవరకు: కోరస్‌లో వేసినా చేస్తావా, అవును కాదు. ఒంటరిగా పాడటం ఇష్టమా. ఏయే రోజులు రిహార్సల్‌కి రాలేవు. స్టేజి మీద ఏదైనా చెయ్యడం ఇబ్బందా (ఎత్తు మీద నిలబడటం, ఎత్తుకోవడం, వేరే పిల్లల చెయ్యి పట్టుకోవడం లాంటివి). కింద అమ్మానాన్నల సంతకం.

హార్మోనియం_మాస్టారు
రాలేని రోజులు రాయించడం చాలా ముఖ్యం. ఒకసారి అద్భుతంగా పాడిన పిల్లకి లీడ్ ఇచ్చాం. పన్నెండు రిహార్సల్స్‌లో ఏడింటికి ఈత పోటీలు. చివరికి ఆ పిల్ల డైలాగులన్నీ వచ్చింది ఎవరికంటే, రోజూ ఆమె బదులు నిలబడి కాగితం చూసి చదివిన పిల్లకి. ప్రదర్శన మాత్రం మొదటి పిల్లే చేసింది. ఇది జరిగి చాలా ఏళ్లయింది, ఇప్పటికీ ఆ రెండో పిల్ల కనిపిస్తే నేను తల దించుకుంటాను.

వింగ్‌లో_పిల్లి
ఇంకోటి. మార్కులు వేసేవాళ్లలో ఎవరి పిల్లలైనా ఆడిషన్‌లో ఉంటే ఆ పిల్ల వచ్చినప్పుడు వాళ్లు గది బయటికి వెళ్లాలి. నిష్పక్షపాతంగా ఉంటాను అని ఎంత ఒట్టేసినా సరే.

తాళం_తప్పను
దీంతో ఏకీభవిస్తున్నా. అలాగే ఇద్దరు కూర్చుంటే ఒకరి కాగితం ఒకరు చూడకూడదు, మొత్తం అయ్యాకే మాట్లాడుకోవాలి. "ఈ పిల్ల బావుంది కదూ" అని పక్కాయన అనగానే నా పెన్ను కూడా అటే వెళ్తుంది, అనుభవం.

కొత్త_దర్శకురాలు
అందరివీ కలిపి ఒక పథకం వేశాను. తప్పులుంటే చెప్పండి.

మొదటి 20 నిమిషాలు అందరూ కలిసి గొంతు, ఒళ్లు వేడెక్కించుకోవడం, పేర్ల ఆట. తర్వాత రెండు చోట్ల ఒకేసారి: హాల్లో డాన్సు, నాలుగు గుంపులు, తరగతి గదిలో పాట, ఐదుగురు చొప్పున 13 గుంపులు, గుంపుకి ఏడు నిమిషాలు. అంటే 91 నిమిషాలు. ముందు పుట్టినరోజు పాట కలిసి, తర్వాత ఒక్కో పాదం ఒక్కొక్కరు, ఆ తర్వాత స రి గ మ సరళి. ఒంటరిగా పాడటం ఇష్టమే అని ఫారంలో రాసినవాళ్లు 21 మంది. వాళ్లకి తలుపు వేసిన గదిలో తలా మూడు నిమిషాలు, 63 నిమిషాలు. మిగిలిన గంటా ఆరు నిమిషాలు డైలాగులకి, ఇద్దరిద్దరు చొప్పున. బయట ఎదురుచూసేవాళ్లకి సెట్‌కి అట్టముక్కలు కత్తిరించే పని.

ఎనిమిది_లెక్కలు
ఎదురుచూసేవాళ్లకి పని పెట్టడం భలే. ఖాళీగా కూర్చుంటే అక్కడే పుకార్లు పుడతాయి.

గొంతు_చికిత్స
వేడెక్కించేటప్పుడు అరిచే ఆటలు వద్దు. పాటకి ముందే సగం గొంతులు పోతాయి.

తాళం_తప్పను
గుంపులో మెరిసినవాళ్లని కూడా ఒంటరిగా ఒకసారి వినండి. ఈ ఒక్కటీ నా మాట వినండి.

వింగ్‌లో_పిల్లి
లిస్టు ఎలా చెబుతారు? అసలు మంట అక్కడే.

శ్రుతిబాక్స్
శుక్రవారం బడి వదిలాక. శని, ఆదివారాలు ఇంట్లో ఏడ్చుకుని సోమవారం మామూలుగా వస్తారు. సోమవారం పొద్దున చెబితే వారమంతా తరగతిలో అదే గోల.

హార్మోనియం_మాస్టారు
కవర్లో పెట్టి ఎవరిది వాళ్లకి ఇస్తే?

లైట్ల_అన్నయ్య
మాకు కవర్లే ఇచ్చారు. బస్సులో అందరూ విప్పి పోల్చుకున్నాం. డ్రైవర్ కూడా అడిగాడు, ఎవరికి ఏం వచ్చిందని.

శ్రుతిబాక్స్
అమ్మానాన్నల గ్రూపులో మాత్రం పెట్టకండి. పిల్లకన్నా ముందు పక్కింటావిడకి తెలుస్తుంది. ఇంకోటి, కోరస్‌ని "మిగతావారు" అని రాయొద్దు. ఒక్కొక్కరి పేరూ రాసి, ఎదురుగా ఏ పాటలో ఏ గుంపో రాయండి. "చిన్న పాత్రలంటూ ఉండవు" అనే డైలాగు అసలే వద్దు, పిల్లలు దానికి కళ్లు తిప్పుతారు. పాత్ర చిన్నదే, వాళ్లకి తెలుసు.

కొత్త_దర్శకురాలు
పది రోజుల తర్వాత వస్తున్నాను. ఆడిషన్ అయింది, లిస్టు కూడా వెళ్లింది. వచ్చింది 58 మంది. ఎవరూ ఏడవలేదు. ఒక పిల్లకి మాత్రం నవ్వు ఆగక ఎక్కిళ్లొచ్చాయి.

తాళంగారూ, మీ మాట విన్నాను. గుంపులో కోయిలలా పాడిన ఏడో తరగతి అమ్మాయిని ఒంటరిగా పిలిస్తే మొదటి స్వరమే పట్టలేకపోయింది. గుంపులో పక్కనున్న పిల్ల గొంతుని అంటిపెట్టుకుని పాడిందన్నమాట. మీరు చెప్పకపోతే సోలో ఇచ్చేసి ఉండేదాన్ని. ఇప్పుడు ఆ ఇద్దరినీ కోరస్‌లో పక్కపక్కనే నిలబెట్టాను, ఆ వైపంతా బ్రహ్మాండంగా వినిపిస్తోంది.

మాస్టారూ, మీ మాట కూడా విన్నాను. గుంపులో గొణుగుతూ పాట చెడగొట్టిన ఒకబ్బాయికి కింది స్థాయిలో శ్రుతి ఇచ్చాను. ఎంత నిండుగా పలికిందంటే పక్కన మార్కులు వేస్తున్న డ్రాయింగు మాస్టారు పెన్ను కింద పెట్టేశారు. ఇన్నాళ్లూ వాడిని అందరూ "పాడకుండా పెదాలు మాత్రం ఆడించు" అన్నారట. రాజుగారి పాత్ర వాడిదే.

ఇక ఎనిమిదో తరగతి మహానుభావుడు. సరళి పాడించాను. కింద నాలుగు స్వరాలు ఉన్నాయి, పైన ఏదో ఈలలాంటిది ఉంది, మధ్యలో ఏమీ లేదు. నేను ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటుంటే వాడే అన్నాడు, "టీచర్, హీరో పాట నా వల్ల కాదు, ఇంట్లో చూసుకున్నాను. తాత పాత్ర ఇస్తారా? దానికి పాట సగం మాటల్లోనే ఉంది." ఇంటి దగ్గర స్క్రిప్టు మొత్తం చదువుకుని, తన గొంతుకి ఏది సరిపోతుందో చూసుకుని వచ్చాడు. బడి మొత్తం వాడిని హీరోని చేస్తే వాడు ముసలాడిగా మిగిలాడు, అదీ సంతోషంగా. వాళ్ల నాన్నగారు మాత్రం రాత్రి పదకొండుకి మెసేజ్ పెట్టారు. మర్నాడు పొద్దున జవాబిచ్చాను, గొంతు_చికిత్సగారు రాసిందంతా నా మాటల్లో చెప్పి. "నాకూ ఆ వయసులో అలాగే అయింది" అని ఒక్క లైను వచ్చింది. అంతే.

గొంతు_చికిత్స
తాత పాత్రలో కూడా ముసలి గొంతు కోసం బొంగురుగా గీరుతూ మాట్లాడనివ్వకండి. నడకతో, వంగడంతో ముసలితనం చూపించమనండి. గొంతు మామూలుగానే ఉంచమనండి.

హార్మోనియం_మాస్టారు
మరి హీరో ఎవరు?

కొత్త_దర్శకురాలు
ఏడో తరగతి కుర్రాడు. స్నేహితుడికి తోడొచ్చాడు, ఊరికే ఉండటం ఎందుకని ఫారం ఇచ్చాం. పుట్టినరోజు పాటలో మూడో పాదం దగ్గర బోల్తా పడి, నవ్వి, కింద ఎత్తుకున్నాడు. శ్రుతిబాక్స్‌గారి మనిషి. గొంతు ఇంకా మారలేదు. ప్రదర్శన లోపు మారితే ఉంటుందని రెండు అర స్వరాలు తగ్గించిన ట్రాక్ కూడా అనుమతితో తెప్పిస్తున్నాను. అసలు సమస్య వేరే. హీరోయిన్ ఎనిమిదో తరగతి. అతను ఆమె భుజం దాకా వస్తాడు.

ఎనిమిది_లెక్కలు
ఈ వయసులో అంతే. ఆడపిల్లలు దాదాపు రెండేళ్లు ముందే ఎదుగుతారు. ఆమెని మెట్టు మీద కూర్చోబెట్టండి, అతన్ని పక్కన నిలబెట్టండి. లేదంటే అలాగే వదిలెయ్యండి. మొదటి నిమిషం నవ్వుతారు, తర్వాత ఎవరికీ గుర్తుండదు.

వింగ్‌లో_పిల్లి
దుస్తుల కొలతలు మాత్రం ఆఖరి వారంలో తీసుకోండి. ముందే కుట్టిస్తే ప్యాంటు నిక్కరవుతుంది. మా బళ్లో సైనికులు ఆరుగురూ మోకాళ్లు చూపిస్తూ యుద్ధం చేశారు.

ఏడు_బి_అమ్మ
ఆ ఫారం, ఆడిషన్ వరస ఇక్కడ పెడతారా? మా బళ్లో టీచర్‌కి ఇద్దామని. గొడవకి కాదు. మా అమ్మాయికి ఈ చర్చ చదివి వినిపించాను. 19 గురించి ఏమీ అనలేదు గానీ సరళి ఎక్కడి దాకా వెళ్తుందో చూడమని నిన్న హార్మోనియం ముందు కూర్చుంది.

తాళం_తప్పను
ఎక్కడి దాకా వెళ్లిందమ్మా?

ఏడు_బి_అమ్మ
నాకు స్వరాలు తెలియవండీ. కుడివైపు చివరికి ఇంకా ఆరు మెట్లు ఉన్నాయి.

తాళం_తప్పను
మీ హార్మోనియం ఫొటో పెట్టండి, నేను చెబుతాను.

కొత్త_దర్శకురాలు
ఫారం ఈ సాయంత్రం పెడతాను.

చెట్టు_నంబర్_3
అన్నీ చెప్పారు, అసలుది చెప్పలేదు. మీ నాటకంలో చెట్లెన్ని?

కొత్త_దర్శకురాలు
నాలుగు. మూడో నంబర్ కోసం ఇద్దరు పోట్లాడుకుంటున్నారు.